ముందుగా అడగవలసిన ప్రశ్న
(ఒక అవగాహనా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. కంప్యూటరు నిపుణుణ్ణి అసలే కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, దస్త్రాల మధ్యనే తల నెరిసి, పదవీ విరమణ చేసినవాణ్ణి. వ్యక్తిగత సమాచార గోప్యత గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు మొదట వెనుకాడాను. తరువాత ఒక సంఘటన గుర్తుకు వచ్చి ఒప్పుకున్నాను.

నా ఉద్యోగం చివరి రోజులలో ఒక సంక్షేమ పథకానికి ఎంపికైనవారి జాబితాను కార్యాలయం గోడకు అంటించాం. పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా సంఖ్య, మంజూరైన మొత్తం అన్నీ అందులో ఉన్నాయి. జాబితాను ప్రజలకు కనబడేలా ఉంచాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ వివరాలు ఉంచాలో, ఏవి తీసివేయాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. జిగురు పూసి అంటించింది నేనే. వారం తిరగకముందే ఒక వితంతువు వచ్చింది. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామంటూ ఎవరో ఫోను చేసి, ఆమె పేరు, ఖాతా సంఖ్య తప్పు లేకుండా చదివి వినిపించి, ఓటీపీ చెప్పించుకొని, వచ్చిన డబ్బంతా కాజేశారు. ఆమె నన్ను నిందించలేదు. "నా ఖాతా నంబరు వాళ్లకెట్లా తెలిసింది సార్?" అని మాత్రం అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్నను నష్టం జరగకముందే అడగడం కోసం కొన్ని దేశాల ప్రభుత్వాలు ప్రత్యేకంగా ఉద్యోగులను నియమించుకున్నాయి. వారిని గోప్యతా విధాన విశ్లేషకులు అంటారు. ఒక శాఖ కొత్త పథకమో, కొత్త కంప్యూటరు వ్యవస్థో తలపెట్టినప్పుడు ఆ ప్రతిపాదనను వారు పరిశీలిస్తారు. ఈ వివరం ఎందుకు అడుగుతున్నారు? ఇది లేకుండా పని జరగదా? దీన్ని ఎవరెవరు చూస్తారు? వేరే శాఖకు ఇస్తారా? ఎన్నేళ్లు ఉంచుతారు? తప్పు నమోదైతే సరిదిద్దుకునే దారి ఏది? ఈ ప్రశ్నలకు శాఖ చేత లిఖితపూర్వకంగా జవాబులు రాబట్టడాన్ని గోప్యతా ప్రభావ అంచనా అంటారు. అమెరికాలో 2002 నాటి ఇ-గవర్నమెంట్ చట్టం ఫెడరల్ శాఖలకు దీనిని తప్పనిసరి చేసింది. అంతకు ముందే, వాటర్‌గేట్ కుంభకోణం తరువాత, 1974లో అక్కడ గోప్యతా చట్టం వచ్చింది. పౌరుడు తన వాక్ స్వాతంత్ర్యాన్ని, మత స్వాతంత్ర్యాన్ని ఏ విధంగా వినియోగించుకుంటున్నాడో ప్రభుత్వ శాఖలు నమోదు చేయరాదని, కొన్ని మినహాయింపులతో, ఆ చట్టం నిర్దేశించింది.

చట్టం ఉంటే చాలుననుకోకండి. 2004లో అమెరికాలో ఒక విషయం బయటపడింది. హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం కోరగా, ఏ ప్రాంతంలో ఎందరు అరబ్బు సంతతివారు నివసిస్తున్నారో పిన్‌కోడు వంటి జిప్ కోడుల వారీగా జనగణన సంస్థ లెక్కలు తీసి ఇచ్చింది. అందులో వ్యక్తుల పేర్లు లేవు. ఆ లెక్కలు 2000 జనగణనలో ప్రజలందరికీ అందుబాటులో ఉన్నవే. కాబట్టి చట్టం ఉల్లంఘన కాలేదని అధికారులు వాదించారు. ఆ వాదన నిజమే కావచ్చు. కానీ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాను సంతతివారిని శిబిరాలకు తరలించేందుకు జనగణన లెక్కలే తోడ్పడ్డాయన్న జ్ఞాపకం అక్కడి ప్రజలకు ఉంది. గడప ముందుకు వచ్చిన గణకుడికి నిజం చెప్పాలా, వద్దా అనే భయం ఒక సమాజమంతటా పాకింది. చివరికి జనగణన సంస్థ తన పద్ధతిని మార్చుకుని, భద్రతా సంస్థల నుంచి వచ్చే ఇటువంటి కోరికలకు ఉన్నతాధికారుల అనుమతి ఉండాలని నియమం పెట్టుకుంది. చట్టం ఒప్పుకుంటుందా అన్నది ఒక ప్రశ్న. చేయడం తగునా అన్నది మరొక ప్రశ్న. ఈ రెండవదాన్ని కూడా అడిగినవాడే అసలైన విశ్లేషకుడు.

ఇక మన దేశం సంగతి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ముఖ్యమైనవిగా ప్రకటించిన సంస్థలు డేటా పరిరక్షణ అధికారిని నియమించుకోవాలని, ప్రభావ అంచనా వేయాలని అది చెబుతుంది. అయితే దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం తాను ప్రకటించిన ప్రభుత్వ సంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం వల్ల ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఒక పౌర సమాచార అధికారి ఏర్పడ్డారు. గోప్యత కోసం అటువంటి అధికారి ప్రతి కార్యాలయంలోనూ ఉండి తీరాలని 2023 చట్టం చెప్పలేదు. మనం అడగవలసింది ఇదే.

మరొక జాగ్రత్త కూడా అవసరం. అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను సవరించి, వ్యక్తిగత సమాచారానికి ఇచ్చే మినహాయింపును విస్తరించింది. పేదవాడి ఖాతా సంఖ్య దాచడం గోప్యత. పథకం సొమ్ము ఎవరికి చేరిందో చెప్పకపోవడం గోప్యత అనిపించుకోదు. లబ్ధిదారుల పేరు, మంజూరైన మొత్తం ప్రజలకు తెలియాలి. ఫోను నంబరు, ఖాతా సంఖ్య తెలియనవసరం లేదు. ఆనాడు నేను కాగితంలో రెండు వరుసలు మడిచి అంటించి ఉంటే సరిపోయేది.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన సంగతి కూడా చూసుకుందాం. మన సంఘాలు శిబిరాలు పెట్టి ఉపకార వేతనాల దరఖాస్తులు నింపుతాయి. ఆ ఆధార్ నకళ్లు తరువాత ఏమవుతున్నాయి? కొన్నిచోట్ల పాత కాగితాల కొట్టుకు పోతున్నాయి. రంజాన్‌లో రేషన్ కిట్లు ఇస్తూ పేద స్త్రీల ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులలో పెడుతున్నాం. మనం ఇచ్చింది నెల రోజుల బియ్యం. ఆ ఫొటో మాత్రం ఎన్నాళ్లయినా తిరుగుతూనే ఉంటుంది. అవతలివారి వివరాలు మన దగ్గర అమానత్. పని పూర్తయ్యాక నకళ్లను చించివేద్దాం. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలినచోట అదే తీసుకుందాం. అవసరం లేని గడిని ఖాళీగా వదలమని దరఖాస్తుదారుకు చెబుదాం.

న్యాయశాస్త్రం, కంప్యూటర్లు చదువుతున్న మన పిల్లలకు ఒక మాట. ఈ విషయం తెలిసినవారు ప్రభుత్వ కార్యాలయాలలో కావాలి. మీరు చదివి లోపలికి వెళ్లండి. జాబితా గోడ ఎక్కకముందే ఆ వితంతువు అడిగిన ప్రశ్నను మీరు అడగండి. నా స్థానంలో ఆ రోజు అటువంటివారు ఒక్కరున్నా ఆమె డబ్బు ఆమెకు దక్కేది.