తాళంచెవి మన ఇంట్లోనే ఉండవలెను
(సంఘ వార్షిక సమావేశములో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ-మెయిలు, వెబ్‌సైటు, మొబైల్ డేటా - ఈ మూడింటిని గురించి ఇంట్లో పనికివచ్చే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. నేను కంప్యూటరు ఇంజనీరును కాను. ఉర్దూ మీడియంలో పిల్లలకు లెక్కలు చెప్పుకొనేవాణ్ణి. కాని అడ్మిషన్ల రోజులు వచ్చాయంటే చాలు, ఫారాలు పట్టుకొని తల్లిదండ్రులు నా దగ్గరికే వస్తారు. అందుచేత పని ఎక్కడ చెడుతున్నదో ప్రతి ఏడూ చూస్తున్నాను.

ఫారం మనది, బిడ్డ మనది, మార్కులు మనవి. అందులో వ్రాసిన ఈ-మెయిలు మాత్రం నెట్ సెంటరు అబ్బాయిది! మా బడిలో చదివి ఇంటర్‌లో చేరిన ఒక అమ్మాయి సంగతి వినండి. ఆదాయ ధ్రువపత్రము సరిగా కనబడుటలేదు, మరల పంపవలెనని సందేశము వచ్చింది. వచ్చింది సెంటరువాని మెయిలుకు. రోజూ ఎంతోమంది ఫారాలు నింపేవాడు ఒక్కరి సందేశము ఎక్కడ చూస్తాడు? గడువు దాటిపోయింది. ఆ యేటి స్కాలర్‌షిప్ పోయింది. ఆటో నడిపే ఆ తండ్రి ఫీజు కోసం అప్పు చేశాడు. ఎవరిని నిందించి ఏమి లాభం? తాళంచెవి పరాయి జేబులో ఉన్నది, అంతే.

కనుక మొదటి మాట ఈ-మెయిలును గురించి. 13 ఏళ్ళు నిండిన ప్రతి పిల్లవానికి, పిల్లకు సొంత మెయిలు ఉండవలెను. ఖర్చేమీ లేదు, జీమెయిలు ఉచితముగా 15 జీబీ చోటు ఇస్తుంది. పాస్‌వర్డుగా పుట్టినతేదీ, ఫోను నంబరు పెట్టకండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పెట్టండి. మరచిపోతామని భయమైతే నోటుపుస్తకములో వ్రాసి, రేషన్ కార్డు, ఆధార్ కార్డు దాచేచోటనే దాచండి. పాస్‌వర్డు పోయినా ఖాతా తిరిగి దక్కేటట్లు ఇంటివాళ్ళ నంబరును అందులో చేర్చండి.

ఆ నంబరు కూడా బ్రతికి ఉండవలెను సుమా! చాలాకాలం రీచార్జి లేక, వాడక పడి ఉన్న నంబరు రద్దయి మరొకరికి పోవచ్చును. అప్పుడు మన ఓటీపీలు వారికి పోతాయి. నంబరు మారిస్తే బ్యాంకులో, ఆధార్‌లో, మెయిలులో - మూడు చోట్లా మార్పించుకోండి. మెయిలును కూడా నెలకొకసారైనా తెరవండి. 2 సంవత్సరాలు ముట్టని ఖాతాలను తీసివేస్తామని గూగుల్ 2023లో ప్రకటించినది. తెరచినప్పుడు స్పాము పెట్టె కూడా చూడండి. అక్కడ పడిన ఉత్తరము 30 రోజులకు దానంతటదే పోతుంది.

నెట్ సెంటరుకు పోవద్దని నేననను. పోయినప్పుడు మీ మెయిలే ఇవ్వండి. పని అయిన తరువాత సైన్ అవుట్ చేయించండి. ఆధార్, మెమో కాపీలు ఆ కంప్యూటరులో మిగలకుండా దగ్గరుండి తీయించండి, రీసైకిల్ బిన్నులో నుండి కూడా. మొహమాటపడకండి.

మన పేర్లతో ఇంకొక చిక్కు. మొహమ్మద్ అనే ఒక్క పేరును ఇంగ్లీషులో కొందరు పూర్తిగా, కొందరు ఎం.డి. అని, కొందరు ఎం.ఓ.హెచ్.డి. అని వ్రాస్తాము. మనకు ఒకే మనిషి, కంప్యూటరుకు ముగ్గురు. ఆధార్‌లో, పదవ తరగతి మెమోలో, బ్యాంకు పాసుపుస్తకములో అక్షరము అక్షరము ఒకటిగా ఉన్నదా అని చూడండి. మెమో అచ్చు కాకముందే బడిలో సరిచూసుకొంటే తరువాత తిరుగుడు తప్పుతుంది.

రెండవ మాట వెబ్‌సైటు. వాట్సాప్‌లో "ఉచిత లాప్‌టాప్, ఇక్కడ నొక్కండి" అని వస్తే నొక్కకముందు చిరునామా చదవండి. ఉర్దూ చదివే మనకు కుడి నుండి ఎడమకు చదవడం కొత్తకాదు కదా! దీనిని కూడా అట్లాగే చదవండి. మొదటి రెండు ఏటవాలు గీతలు వదలి, తరువాత వచ్చే ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడి నుండి వెనక్కి రండి. చివరి మాటలు "జీఓవీ డాట్ ఐఎన్" లేక "ఎన్ఐసీ డాట్ ఐఎన్" అయి, వాటికి ముందు కూడా చుక్కే ఉంటే అది ప్రభుత్వానిది. జీఓవీ అనే మాట మధ్యలో ఉండి చివర "డాట్ కామ్" ఉన్నదంటే అనుమానించండి. చుక్కకు బదులు అడ్డగీత ఉన్నా అంతే. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టలు, హజ్ కమిటీ వెబ్‌సైటు - రెండింటి చివరా జీఓవీ డాట్ ఐఎన్ అనే ఉంటుంది. తాళం బొమ్మ ఉన్నది కదా అని నమ్మకండి. మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం; అవతలివాడు మంచివాడని కాదు.

డబ్బు రావడానికి యూపీఐ పిన్ను ఎన్నడూ అవసరం లేదు. అడిగితే అతడు మోసగాడే. పొరపాటున డబ్బు పోతే పరువు పోతుందని దాచకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మూడవది డేటా. ఇది లెక్కల మాస్టారి పని. రోజుకు 1.5 జీబీ ప్లాను అనుకోండి. యూట్యూబులో 480 నాణ్యతతో గంట చూస్తే సుమారు అర జీబీ అవుతుంది. 1080తో చూస్తే దానికి ఎన్నో రెట్లు. రోజు కోటా అయిపోతే చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో 1 ఎంబీ ధ్రువపత్రము పంపడానికి రెండు నిమిషాలు దాటుతుంది. ఈలోగా వెబ్‌సైటు మనలను బయటికి నెట్టివేస్తుంది. చివరి తేదీ రాత్రి ఇట్లా ఏడ్చేవాళ్ళను చూస్తున్నాము. కాబట్టి ముందు ఫారం, తరువాత సినిమా! వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపండి. వీడియో నాణ్యత తగ్గించి పెట్టండి. ఫోనులో డేటా సేవరు వేసి ఉంచండి.

చివరిగా ఒక మనవి. ఈ రాత్రి ఇంటికి పోయి పిల్లవాణ్ణి గాని, పిల్లను గాని పిలిచి అడగండి: నీ ఫారంలో ఉన్న మెయిలు ఎవరిది? నంబరు ఎవరిది? జవాబు "మనదే" అని రాకపోతే రేపే మార్పించండి. చేతకానివారికి మన సంఘ యువకులు ఆదివారాలు సాయపడవలెనని కోరుతున్నాను. కాని పాస్‌వర్డు మాత్రం ఆ ఇంటివారే కొట్టవలెను. సాయపడేవారు ముఖం అటు తిప్పుకోవలెను.