ఒకరి తరపున తేదీ ఖరారు చేసేటప్పుడు

(పాల సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో మా కార్యాలయ సిబ్బంది పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



పాల పనిలో వేళ తప్పితే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. పితికిన పాలు వేళకు చల్లబడకపోతే విరిగిపోతాయి. వ్యాను వెళ్లిపోయాక తెచ్చిన క్యాను ఇంటికే తిరిగిపోతుంది. పాల విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉండే మనం సమావేశాల తేదీల విషయంలో అంత జాగ్రత్త పడటం లేదు. ఈ తప్పులో మొదటి వాటా మా కార్యాలయానిదే. కనుక ఆ సంగతి మా నుంచే మొదలుపెడతాము.

మేనేజరు గారికి, పశువైద్యులకు, సూపర్‌వైజర్లకు వారి వారి తరపున తేదీలు కుదిర్చే పని మాది. వెనక బల్ల మీద ఒక డైరీ ఉండేది. ఇప్పుడు కంప్యూటరులోనూ సెల్‌ఫోనులోనూ అందరికీ కనిపించే ఉమ్మడి క్యాలెండరు ఉంది. దీనివల్ల పని తేలికయింది. తప్పు చేయడమూ తేలికయింది.

ఒక గ్రామ సంఘంలో గాలికుంటు టీకాలు వేయించి, ఆ వెంటనే సభ్యుల సమావేశం జరపాలనుకున్నాము. డాక్టరు గారి క్యాలెండరు చూశాము. ఆ రోజు ఖాళీగా కనిపించింది. వారి పేర ఉదయం 9 గంటలకు రాసి కబురు పంపాము. జవాబు రాలేదు. కాదనలేదు కనుక ఒప్పుకున్నట్టే అనుకుని సంఘానికి ఫోను చేసి చెప్పేశాము.

ఆ రోజు డాక్టరు గారు వేరే ఊరి శిబిరంలో ఉన్నారు. టీకా మందు పెట్టె కూడా వారి వద్దనే ఉంది. ఇక్కడ సభ్యులు పశువులను మేతకు తోలకుండా కట్టివేసి మధ్యాహ్నం దాకా ఎదురు చూశారు. కూలి మానుకుని కూర్చున్న వారూ ఉన్నారు. మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి వెళితే ఒక పెద్దమ్మ, “టీకా రేపైనా వేస్తారు నాయనా, నిన్న పస్తున్న గొడ్డుకు మేత ఎవరు వేస్తారు?” అని అడిగింది. మా వద్ద జవాబు లేదు.

కార్యాలయానికి వచ్చి పొరపాటు ఎక్కడ జరిగిందో వెతికాము. డాక్టరు గారు ఆ శిబిరాన్ని తమ క్యాలెండరులో రాసుకునే ఉన్నారు. అయితే గంటలు వేయకుండా ‘రోజంతా’ అని రాశారు. వాడుకలో ఉన్న చాలా క్యాలెండర్లు రోజంతా అని రాసిన పనిని, మనం మార్చకపోతే, ‘ఖాళీ’ కిందనే లెక్క వేస్తాయి. పండుగలు, పుట్టినరోజులు అలా రాసుకుంటారు కనుక ఆ ఏర్పాటు. మాకున్న అనుమతి ఖాళీయా కాదా అని చూడటం వరకే. లోపలి వివరం మాకు కనిపించదు. అందుచేత నిండుగా ఉన్న రోజు మాకు బోసిగా కనిపించింది.

అప్పటి నుంచి మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. మీ సంఘాలకూ పనికివస్తాయని మనవి చేస్తున్నాము.

మొదటిది, శిబిరమైనా సెలవైనా రోజంతా ఉండే పనిని ‘తీరిక లేదు’ అని మార్చి రాయాలి.

రెండవది, ఖాళీగా కనిపించిన గడి తీరిక ఉన్నట్టు సాక్ష్యం కాదు. ఆ మనిషి నోటి మాట వచ్చేదాకా ఆ తేదీ తాత్కాలికమే. అంతవరకు ఊళ్లో చాటింపు వేయరాదు, బోర్డు మీద రాయరాదు.

మూడవది, ఒకరి తరపున రాసే అధికారం వారే స్వయంగా ఇవ్వాలి. చూడటానికి వేరే అనుమతి, మార్చడానికి వేరే అనుమతి ఉంటాయి. పని త్వరగా అవుతుందని వారి పాస్‌వర్డు అడిగి తీసుకోవడం తప్పు. ఎవరు ఏమి మార్చారో తరువాత తేలదు. సొంత విషయమని గుర్తు పెట్టిన దాని జోలికి పోరాదు.

నాలుగవది, సమావేశం ఎవరిదో వారి క్యాలెండరులోనే రాయాలి. మేము మా పేర రాసుకుంటే వస్తాము, రాము అనే జవాబులన్నీ మాకే వస్తాయి. మేము సెలవులో ఉన్న రోజున తేదీ మార్చవలసి వస్తే చిక్కే.

ఐదవది, తేదీ మారితే పాతదాన్ని చడీచప్పుడు లేకుండా తుడిచివేయరాదు. రద్దయినట్టు అందరికీ తెలియజేసి కొత్తది రాయాలి. సభ్యులలో చాలామంది ఈ క్యాలెండరు చూడరు. వారికి పాల కేంద్రం వద్ద, పాలు పోసే వేళ, నోటితో చెప్పాలి.

ఇక చివరి మాట. క్యాలెండరుకు మన ఊరి వేళలు తెలియవు. ఉభయ పూటలా పాలు తీసుకునే సమయం, పాల డబ్బు చెల్లించే రోజు, నాట్లు, కోతల దినాలు దానిలో మనం రాస్తేనే ఉంటాయి. పాలు పితికే వేళ సమావేశం పెడితే మహిళా సభ్యులు రాలేరు. వారు లేకుండా చేసిన తీర్మానం వారి మాటగా చెలామణి అవుతుంది. పశువును చూసుకునే వారి మాట లేని పాల సంఘం పేరుకే సహకారం. అందుకే ఆ వేళలను ముందుగానే నింపి ఉంచుతున్నాము.

ఆ గ్రామంలో టీకాలు తరువాత వేయించాము. ఈసారి ముందురోజు సాయంత్రం డాక్టరు గారితో మాట్లాడి, వారు సరేనన్నాకనే సంఘానికి కబురు చేశాము. ఉదయం పశువులను కట్టివేయమని చెప్పేముందు ఆ ఒక్క ఫోను చేయడం మా బాధ్యత. ఎప్పుడైనా మేము మరచిపోతే, “డాక్టరు గారిని అడిగారా?” అని మీరే మమ్మల్ని నిలదీయండి. ఆ హక్కు మీది.

సెలవు.