ఇంటి కంప్యూటరుకు వైరసు ఎందుకు తగులుతుంది?

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



పంచాంగశ్రవణం ముగిసింది, పిల్లల నాటకానికి యింకా రంగులు పూస్తున్నారు. ఆ నడుమ అరగంటసేపు మాట్లాడమని కార్యదర్శిగారి ఆజ్ఞ. విషయం కూడా వారే నిర్ణయించారు. ఎందుకు నిర్ణయించారో మీలో కొందరికి తెలుసు. తెలియనివారికి కాసేపట్లో నేనే చెబుతాను.

మనం షోలాపూరు వాళ్ళం. మన తాతలు మగ్గాన్ని నమ్ముకుని యీ వూరు చేరారు. కనుక నేనూ మగ్గంతోనే మొదలుపెడతాను. చద్దరు నేసే జకార్డు మగ్గాన్ని చూడనివారు యీ సభలో వుండరు. పైన గొలుసుగా కుట్టిన అట్టలు తిరుగుతూ వుంటాయి. అట్టలో బెజ్జం వున్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. నెమలి అట్టలు వేస్తే నెమలి పడుతుంది, పువ్వు అట్టలు వేస్తే పువ్వు పడుతుంది. ఆ బెజ్జాలు కొట్టినవాడు మనవాడా, పరాయివాడా అని మగ్గం అడగదు. అడిగే తెలివి దానికి లేదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు లియోను పట్టణంలో జకార్డు అనే ఆయన సిద్ధంచేసిన యీ అట్టల పద్ధతినే, తరవాత బాబేజి అనే ఆంగ్లేయుడు లెక్కల యంత్రానికి వాడుకోవాలని తలపెట్టాడు. కంప్యూటరు మన మగ్గానికి చుట్టమే అన్నమాట. చుట్టరికం చెప్పుకోవటానికి మనమేమీ సిగ్గుపడనక్కరలేదు.

ఐతే మగ్గానికి వైరసు తగలదు. ఎందుచేత? మగ్గంలో అట్ట వేరు, నూలు వేరు. ఎంత మాయదారి నూలు తెచ్చి ఎక్కించినా అది గుడ్డ అవుతుందిగాని అట్ట కాదు. నేసిన దుప్పటి లేచివెళ్ళి, తన అట్టలు తానే కొట్టుకుని, పక్కింటి మగ్గం మీదికి ఎక్కదు. కంప్యూటరులో ఆ తేడా లేదు. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ అనే గణితశాస్త్రజ్ఞుడు రాసిన నివేదికలో, యంత్రానికిచ్చే ఆజ్ఞలూ, ఆ ఆజ్ఞలు పనిచేయవలసిన సరుకూ రెండూ అంకెలుగా ఒకే జ్ఞాపకశాలలో వుంచే ఏర్పాటు వున్నది. నేటి కంప్యూటర్లన్నీ దాదాపు ఆ దారినే నడుస్తున్నాయి. ఆ ఏర్పాటు వల్లనే ఒకే యంత్రం పొద్దున జమాఖర్చులు చూసి, మధ్యాహ్నం ఉత్తరాలు రాసి, రాత్రి సినిమా చూపిస్తున్నది. ఆ ఏర్పాటు వల్లనే, ఉత్తరమనుకుని మనం తెరిచిన అంకెలవరస ఆజ్ఞగా మారి యంత్రాన్ని నడిపించగలుగుతున్నది. గుణమూ దోషమూ ఒకే కడుపున పుట్టాయి.

వైరసంటే మరేమీ కాదు. తన నకలును తానే తీసి ఇంకొకచోట అంటించే ఆజ్ఞలవరస. తనను తాను నకలు తీసుకునే యంత్రం సాధ్యమేనని వాన్ నాయ్‌మనే లెక్కకట్టి చూపాడు. ఆయన పోయిన తరవాత 1966లో ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి.

ఇక సొంత కంప్యూటరుకు ప్రత్యేకించి యీ బెడద ఎందుకు? అంతకుముందున్న పెద్ద యంత్రాలను ఒకేసారి పదిమంది, వందమంది వాడుకునేవారు. ఒకరి పని ఇంకొకరు చెడగొట్టకుండా లోపల గోడలుండేవి. తాళంచెవి ఒక అధికారి దగ్గర వుండేది. 1981లో ఐ.బి.యం. కంపెనీవారు సొంత కంప్యూటరు తెచ్చినప్పుడు, ఒకడే మనిషి, ఒకటే బల్ల, గోడలెందుకు అనుకున్నారు. అందులోని చిప్పుకుగాని, దానిని నడిపిన డాసుకుగాని గోడలు కట్టే శక్తి లేదు. ఏ ప్రోగ్రాము లోపలికి వచ్చినా ఇల్లంతా దానిదే. ఒంటరిగా వున్నంతకాలం అది తప్పు కాదు. అడవిలో గుడిసెకు తలుపెందుకు? కాని ఫ్లాపీలు చేతులు మారసాగాయి, తరవాత టెలిఫోను తీగ వచ్చింది, ఆ తరవాత ఇంటర్నెట్టు వచ్చింది. గుడిసె చుట్టూ పట్నం వెలిసింది. తలుపు మాత్రం పెట్టలేదు.

1982లోనే అమెరికాలో ఒక బడిపిల్లవాడు యాపిల్ యంత్రం మీద ఇలాంటిది చేసి స్నేహితులను ఏడిపించాడు. ఐ.బి.యం. వారి రకానికి తగిలిన మొదటి వైరసు మాత్రం మన పొరుగునే పుట్టింది. 1986లో లాహోరులో బాసిత్, అమ్జద్ అనే అన్నదమ్ములు తయారుచేశారు. దాని పేరు బ్రెయిన్. తాము అమ్మే ప్రోగ్రామును దొంగనకళ్ళు తీసేవారిని పట్టుకోవటానికే చేశామని వారు చెప్పుకున్నారు. విడ్డూరమేమిటంటే, వైరసు లోపల తమ పేర్లు, దుకాణం చిరునామా, టెలిఫోను నంబరు కూడా రాసిపెట్టారు! నేటి దొంగలకు ఆ మర్యాద లేదు. యంత్రం మేలుకోగానే ఫ్లాపీలో మొదటి గడిలో ఏమున్నా దానిని ఆజ్ఞగా తీసుకునేది. ఆ గడిలోనే బ్రెయిన్ కాపురం పెట్టింది. అంటే ఇంటివాడు కళ్ళు తెరిచేలోగానే దొంగ పీటవేసుకుని కూర్చున్నాడన్నమాట.

మరి పెద్ద యంత్రాల గోడలు కాపాడాయా అంటే, అదీ పూర్తిగా లేదు. 1983లో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి అమెరికాలో అనుమతి తీసుకుని, గోడలున్న యంత్రం మీదనే అయిదుసార్లు పరీక్ష చేశాడు. ప్రతిసారీ గంటలోపలే యంత్రం మీద సర్వాధికారాలూ వైరసు చేతిలో పడ్డాయి. గోడలున్నా మనుషులు ఒకరి ప్రోగ్రాములు ఒకరు వాడుకుంటారు గదా, దాని భుజమెక్కి అది పైకి పోయింది. వైరసులన్నిటినీ తప్పులేకుండా పట్టగల ప్రోగ్రాము రాయటం అసాధ్యమని కూడా ఆయనే నిరూపించాడు. యుక్తి చిన్నదే. అలాంటి సర్వజ్ఞుడైన కాపలావాడు వున్నాడనుకోండి. ఒక ప్రోగ్రాము ఆ కాపలావాణ్ణే లోపల పెట్టుకుని, "నేను వైరసునా?" అని అడుగుతుంది. ఔనంటే ఊరుకుంటుంది, కాదంటే అంటుకుంటుంది. ఏం చెప్పినా కాపలావాడి మాట తప్పే. అందుచేత యాంటీవైరసు కొన్నాం గదా అని నిశ్చింతగా నిద్రపోయేవారు యీ సంగతి గుర్తుంచుకోవాలి. కొనవద్దని నేననను. ఉన్న దొంగలను గుర్తుపట్టటానికి అది పనికివస్తుంది.

తరవాతి యంత్రాలలో గోడలు వచ్చాయి. కాని పాత ప్రోగ్రాములన్నీ ఎప్పటిలాగే నడవాలని కొన్నవారు పట్టుపట్టారు, అమ్మినవారు సరేనన్నారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గోడలున్నాయి, కాని ఇళ్ళలో యంత్రం తెరిచిన ప్రతివాడికీ మామూలుగా సర్వాధికారి తాళంచెవే యిచ్చేవారు. దానికి తోడు ఆ రోజుల్లో నూటికి తొంభైకి పైగా సొంత కంప్యూటర్లలో విండోసే. చాళులోని గదులన్నిటికీ ఒకటే తాళమైతే, దొంగ ఒక్క చెవి చేయించుకుంటే చాలదా?

ఇప్పుడు నా సంగతి. 2013 ఉగాది సంచికకు విషయాలన్నీ పెన్‌డ్రైవులో వేసుకుని, తెలుగు అక్షరాలు కూర్చే డి.టి.పి. దుకాణానికి నేనే తిరిగాను. పరాయి రాష్ట్రంలో తెలుగు అక్షరం దొరకటమే కష్టం. ఎవరో హైదరాబాదు నుంచి తెచ్చిన సీడీ నకలు, దానికి ఇంకొకరు తీసిన నకలు, ఇలా చేతులు మారి వచ్చిన తెలుగు అక్షరాలతోనే చాలాకాలం మన శుభలేఖలు, కరపత్రాలు అచ్చయ్యాయి. మన సంఘం కంప్యూటరులోని ఎక్స్‌పీ కూడా అలాంటి నకలే. నకలు కనుక మరమ్మతులు వచ్చేవి కావు. అక్షరాలతోపాటు ఏమేమి వస్తున్నాయో మేమెవరమూ అడగలేదు.

దుకాణం నుంచి తెచ్చి పెట్టేసరికి పెన్‌డ్రైవులోని ఫైళ్ళన్నీ షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. నొక్కాను. ఫైలు తెరుచుకుంది. తెరుచుకుంది గదా అని మిగతావీ నొక్కాను. మరునాటికి సంఘం కంప్యూటరులో వున్నవీ అలాగే అయ్యాయి. అందులో మన పెద్దమ్మలు పాడిన పెళ్ళిపాటలు, బతుకమ్మ పాటలు 17 వున్నాయి. చిన్న టేప్‌రికార్డరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నేనే ఎక్కించాను. ఒక పెద్దమ్మ పాట ముగించి, "నా పాట నీ డబ్బల పడ్డదా, బిడ్డా?" అని అడిగింది. "పడ్డది పెద్దమ్మా, యిక పోదు" అన్నాను.

వైరసు అన్నీ తినేసిందనుకున్నాను. సంచిక గడువు దగ్గరపడింది. ఎవరినీ అడగకుండా డిస్కు మొత్తం ఫార్మాటు చేశాను. దాని మీదనే అన్నీ కొత్తగా ఎక్కించాను. నెలరోజుల తరవాత, పూనాలో ఇంజనీరింగు చదివే మన కుర్రాడొకడు చెప్పాడు: "బాబాయ్, ఆ వైరసు ఫైళ్ళను చెరపదు. దాచిపెట్టి వాటి పేర్లతో తాను ముందు నిలబడుతుంది, అంతే. ఒక్క ఆజ్ఞతో అన్నీ తిరిగి కనబడేవి." అంటే పాటలు వున్నాయి. చెరిపింది నేను. ఆ పాడినవారిలో ఇద్దరు అప్పటికే లేరు.

ఆ కుర్రాడి సలహా మీదనే అసలైన లైసెన్సు కొన్నాం, మరమ్మతులు వచ్చినరోజే వేస్తున్నాం. అదెంత పనో 2017 మే నెలలో తెలిసింది. వన్నాక్రై అనే పురుగు ఫైళ్ళకు తాళంవేసి డబ్బు అడుగుతూ ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసివచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్టువారు మార్చిలోనే అతుకు వేసి పంపారు. వేసుకున్నవారికి ఆ కన్నం లేదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు నిలిచిపోయాయి. మీ ఇళ్ళలో ఏది వున్నదో వెళ్ళి చూసుకోండి. పెళ్ళిపిలుపు పేరుతో ఫోనులోకి వచ్చే ఏ.పి.కె. ఫైళ్ళు కూడా యీ జాతివే, నొక్కకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

ఇప్పుడు సంఘం దస్తావేజులకు మూడు నకళ్ళు వున్నాయి. అందులో ఒకటి ఏ తీగకూ తగిలించకుండా కోశాధికారిగారి బీరువాలో వుంటుంది. 17 పాటల్లో ఆరు తిరిగి దొరికాయి. ఒకరింట్లో పాత క్యాసెట్టులో, ఇంకొకరి పెళ్ళి వీడియోలో. మిగిలిన పదకొండింటి మొదటి చరణాలు కాగితం మీద రాసి ద్వారం పక్కన బల్ల మీద వుంచాను. మీ ఇళ్ళ అటకల మీద క్యాసెట్టులుంటే, బూజు పట్టినా సరే, తెచ్చి యివ్వండి. పాట గుర్తున్న అమ్మలు నాటకం అయిన తరవాత అక్కడ కొంచెం ఆగితే చాలు. టేప్‌రికార్డరు తెచ్చాను. సెలవు.