ఆరోగ్యానికీ ఒక హాజరుపట్టీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పుతో, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, మనం చేసిన సేవకు దక్కిన హక్కనీ తేలింది. ఏటా ఈ రోజున ఆ మాట తలుచుకుంటాం. డి.ఆర్. గురించి, బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. హక్కుగా వచ్చే ఆ పెన్షన్ అందుకోవడానికి మనిషి ఉండాలి కదా! ఊరికే ఉండడం కాదు, బ్యాంకు మెట్లు తనంతట తాను ఎక్కగలిగేలా ఉండాలి. ఇంట్లోనే బి.పి., షుగరు, నడక చూసి, ఆ అంకెలను దూరాన ఉన్న డాక్టరుకో పిల్లలకో పంపే యంత్రాలు వచ్చాయి. వాటివల్ల మన వయసువాళ్ళ అలవాట్లు బాగుపడతాయా అన్నది చెప్పమన్నారు.

నేను డాక్టరును కాను. 1974లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పై అయిదేళ్ళు రిజిస్టర్లు రాశాను. కాబట్టి నాకు తెలిసిన రిజిస్టర్ల భాషలోనే చెబుతాను.

ముందుగా మీ అందరి ఎదుట ఒక నేరం ఒప్పుకుంటాను. సర్వీసులో ఉండగా ఒక్క తప్పుడు ఎంట్రీ వేయని నేను, రిటైరయ్యాక రెండు నెలల పాటు దొంగ రిజిస్టరు రాశాను. అది నా బి.పి. పుస్తకం.

మా ఆవిడ 2019లో కాలం చేసింది. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం. నాకు ఒక బి.పి. మిషను కొనిచ్చి, రోజూ చూసుకొని పుస్తకంలో రాసుకోమని చెప్పి వెళ్ళింది. సాయంత్రం ఫోను చేసి "ఈ రోజు ఎంతుంది నాన్నా?" అనేది. "130, 80 అమ్మా" అనేవాణ్ణి. మిషను బీరువాలో ఉండేది. అందులో సెల్సు కూడా అయిపోయాయి. నిజం చెబితే ఉద్యోగం మానుకొని వచ్చేస్తానంటుందని ఒక భయం. ఆవకాయ మానేయమంటుందని ఇంకో భయం. రెండో భయమే పెద్దదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

2022లో ఒక రోజు ఉదయం గోదావరి గట్టు మీద కళ్ళు తిరిగి కూలబడ్డాను. తెలిసినవాళ్ళు ఇంటికి చేర్చారు. కబురు తెలిసి అమ్మాయి రాత్రి బస్సుకు బయలుదేరింది. తను వచ్చేలోగా ఖాళీ పుస్తకం ముందేసుకొని రెండు నెలల అంకెలు వరుసగా నింపేశాను. మర్నాడు ఆసుపత్రిలో చూస్తే 182, 104. డాక్టరు గారు పుస్తకం అడిగి, పేజీలు తిప్పి నవ్వారు. "బాబాయి గారూ, రెండు నెలలూ ఒకే పెన్ను, ఒకే సిరా. అన్నీ సున్నాతో ముగిసే అంకెలే. నిజం బి.పి. ఇలా ఉండదండీ" అన్నారు. తర్వాత నవ్వు ఆపి, "ఈ పుస్తకం నమ్మి ఉంటే, ఇప్పుడు వేసుకునే బిళ్ళ సరిపోతోందనుకొని అదే రాసి పంపేవాణ్ణి. అప్పుడు పక్షవాతం వస్తే తప్పు ఎవరిదండీ?" అన్నారు. ఎన్నో ఆడిట్ పార్టీలకు సమాధానం రాసినవాణ్ణి. ఆ రోజు నోట మాట రాలేదు. పక్కన అమ్మాయి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ తర్వాత వచ్చిందే ఈ కొత్త మిషను. దీని పని తీరు సులువే. చేతికి చుట్టిన పట్టీలో గాలి నిండి, దిగేటప్పుడు రక్తనాళం కొట్టుకునే అదురును పట్టుకొని పై అంకె, కింది అంకె లెక్క కడుతుంది. ఆ లెక్కను బ్లూటూత్ ద్వారా సెల్‌ఫోనుకు ఇస్తుంది. ఫోను ఇంటర్నెట్ ద్వారా మనం అనుమతించిన వారికి పంపుతుంది. మధ్యలో మన పెన్నుకు పని లేదు. మనకిది మరీ వింతేమీ కాదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక, వేలిముద్రతోనో ముఖం చూపించో ఇంటి నుంచే బతికున్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటున్నాం. అది ఏడాదికొకసారి, ఇది రోజూ. అంతే తేడా.

అయితే అసలు సంగతి ఇక్కడే ఉంది మిత్రులారా. యంత్రం కొన్నంత మాత్రాన బి.పి. తగ్గదు. ఇది నా మాట కాదు. ఇంట్లో సొంతంగా బి.పి. చూసుకోవడం మీద జరిగిన పాతిక పరీక్షల వివరాలను కలిపి పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఊరికే చూసుకొని ఊరుకున్నవాళ్ళకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. చూసుకోవడంతో పాటు డాక్టరు మందు సవరించడమో, అలవాట్ల గురించి ఎవరైనా వెంట ఉండి చెప్పడమో జరిగినచోట మాత్రం బి.పి. తగ్గింది. 2018లో బ్రిటన్‌లో 1,100 మందికి పైగా రోగులతో జరిగిన పరీక్ష కూడా ఈ దారిలోనే ఉంది. ఇంట్లో తీసిన అంకెలు చూసి డాక్టర్లు మందు సవరించిన వారికి, ఏడాది తర్వాత మామూలు పద్ధతిలో ఉన్నవారి కంటే బి.పి. తక్కువగా ఉంది. అంకెలు ఫోను ద్వారా పంపినవారికి ఆ మేలు త్వరగా కనబడింది.

మనకిది తెలియనిదా? ఆఫీసులో హాజరుపట్టీ బల్ల మీద పడి ఉన్నంతసేపు ఎవరూ వేళకు రాలేదు. పది గంటల పది నిమిషాలకు సూపర్నెంటు గారు దాన్ని తన గదిలోకి తెప్పించుకొని ఎర్ర సిరాతో గీత గీయడం మొదలుపెట్టాకే అందరం పరుగెత్తుకొచ్చాం. చూసే కన్ను లేకపోతే రిజిస్టరు ఉత్త కాగితాల కట్ట.

ఇక నా అలవాట్లు ఎలా మారాయో చెబుతాను. మొదటి నెల నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ నిఘా ఏమిటని అమ్మాయితో పోట్లాడాను. చివరికి ఒక షరతు పెట్టాను. "నావి నువ్వు చూస్తే, నీవి నేను చూస్తాను. నువ్వెన్ని అడుగులు నడిచావో నువ్వూ పంపు" అన్నాను. సరేనంది. మొదటి వారం చూస్తే బెంగళూరులో కుర్చీకి అతుక్కుపోయిన మా అమ్మాయి రోజుకు రెండు వేల అడుగులు కూడా లేదు. డెబ్బై దాటిన నేను నాలుగు వేలు! ఆ రోజు నుంచి నాకు నిఘా అన్న బాధ పోయింది. ఇప్పుడు నడక మానితే నా పరువు పోతుంది. తనకూ అంతే.

పది వేల అడుగులు నడవలేమని దిగులు పడేవారికి ఒక మాట. ఆ పది వేల లెక్క శాస్త్రం చెప్పింది కాదు. 1960లలో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కించే పరికరానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీల మీద జరిగిన పరిశీలనలో, రోజుకు 2,700 అడుగులు నడిచేవారి కంటే 4,400 అడుగులు నడిచేవారిలో మరణాలు తక్కువగా కనబడ్డాయి. 7,500 దాటాక ఇంకా ఎక్కువ నడిచినా అదనపు తేడా కనబడలేదు. కాబట్టి నేడు రెండు వేలు నడిచేవారు వచ్చే నెలకు మూడు వేలు చేస్తే చాలు. పక్కవాడితో పోటీ అక్కర్లేదు.

ఉప్పు సంగతి. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కూరలో, చారులో, పచ్చట్లో, అప్పడంలో, ఊరమిరపకాయలో, మజ్జిగలో అన్నిటిలో ఉన్నది కలిపి అంత. నా ఆవకాయ ఎక్కడికీ పోలేదు. మూడు పూటలా ఉన్నది ఆదివారానికి మారింది. మజ్జిగలో ఉప్పు మానేశాను. ఎవరో భయపెడితే చేసింది కాదు. బంధువుల పెళ్ళిలో రెండు పూటలు భోంచేసి, హడావిడిలో బిళ్ళ మరిచి, రాత్రి నిద్ర చెడగొట్టుకొని వచ్చాక మూడు రోజుల అంకెలు నా కళ్ళతో నేనే చూశాను. సొంత లెక్క చూసుకున్నవాడికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

కొలిచే పద్ధతి తప్పితే లెక్క తప్పుతుంది. కాఫీ తాగి, మెట్లెక్కి వచ్చి వెంటనే చూడకండి. అరగంట ఆగండి. మూత్ర విసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, అయిదు నిమిషాలు కదలక మెదలక కూర్చోండి. చొక్కా చేతి మీద పట్టీ చుట్టవద్దు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడవద్దు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి. డాక్టరు మందు నిర్ణయించే ముందు ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఇలా తీసిన అంకెలుంటే చాలా ఉపయోగం. ఇంట్లో సగటు 135, 85 కంటే ఎక్కువ వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. అంకె చూసి మనంతట మనమే బిళ్ళ పెంచడం, మానడం చేయరాదు.

జాగ్రత్తలు మూడు. ఒకటి, ఒక్క పెద్ద అంకెకు ఇంటిల్లిపాదినీ నిద్ర లేపవద్దు. కూర్చొని మళ్ళీ చూడండి. కానీ ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం ఉంటే మాత్రం మిషను జోలికి పోకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. మన అంకెలను అటువైపు ఎవరో చూస్తున్నారులే అనుకోవద్దు. రాత్రి రెండు గంటలకు చూసే నాథుడు ఉండడు. రెండు, మీ అంకెలు మీవి. ఎవరు చూడాలో మీరే చెప్పాలి. కోడలికి తెలియడం ఇష్టం లేకపోతే ఆ మాట కొడుకుతో మర్యాదగా చెప్పవచ్చు. మూడు, పిల్లలకు ఒక మనవి. అంకె చూసి తిట్టకండి. తిట్టిననాడు మేము మళ్ళీ బీరువా తాళం వేస్తాం, పుస్తకంలో 130, 80 రాస్తాం. ఆ విద్య మాకు బాగా వచ్చు.

పిల్లలు దగ్గర లేనివారు, పెద్ద ఫోను వాడలేనివారు మనలో చాలామంది ఉన్నారు. వారి కోసం మన సంఘానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. పక్కపక్క వీధుల్లో ఉన్న అయిదుగురు చొప్పున ఒక జట్టు కావాలి. జట్టులో ఫోను తెలిసినవారు ఒకరు రిజిస్టరు బాధ్యత తీసుకోవాలి. మిగిలినవారు ఉదయం తొమ్మిదిలోగా "చూసుకున్నాను, నడిచాను, బిళ్ళ వేసుకున్నాను" అని కబురు పెడితే చాలు. బి.పి. అంకె ఇష్టమైతేనే చెప్పవచ్చు. సంఘం పెద్ద వాట్సాప్ గ్రూపులో ఎవరి అంకెలూ పెట్టరాదు. రెండు రోజులు కబురు లేకపోతే జట్టులో ఒకరు వాళ్ళింటికి వెళ్ళి తలుపు తట్టాలి. సంఘ భవనంలో ఒక మంచి మిషను పెట్టి, ఏడాదికొకసారి డాక్టరు గారి మిషనుతో సరిచూడాలి.

తలుపు తట్టడమే ఇందులో ముఖ్యమైన భాగం. నేను దొంగ రిజిస్టరు రాసిన రెండు నెలల్లోనూ మా ఇంటి తలుపు తట్టినవాళ్ళు లేరు. ఎవర్నీ తప్పుబట్టడం లేదు. నేనూ ఎవరి తలుపూ తట్టలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉదయం ఏడున్నరకు ఫోను మోగుతుంది. "నాన్నా, ఈ రోజు 134, 82 వచ్చిందేం? రాత్రి సరిగా నిద్ర పట్టలేదా?" అంటుంది. "నిన్న నీ అడుగులు పదిహేను వందలేనమ్మా, ఆఫీసులో అంత పనా?" అంటాను. బి.పి. పేరుతో మొదలైనా ఆ మాటలు పావుగంట నడుస్తాయి. పాత పుస్తకం పారేయలేదు. బీరువాలో మిషను ఉన్నచోటే ఉంది. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

నా ప్రతిపాదనను కార్యవర్గం పరిశీలించి, వచ్చే నెల సమావేశంలోగా కనీసం రెండు జట్లయినా ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను. మొదటి జట్టు రిజిస్టరు నేను రాస్తాను. ఈసారి అంకెలన్నీ నిజమైనవే రాస్తానని ఈ సభలో హామీ ఇస్తున్నాను.