కానుకల సొమ్ము – బడ్జెట్టు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధార్మిక సంస్థల బడ్జెట్టు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. అకౌంట్సు సెక్షనులో పనిచేసి రిటైరైన మనిషి ఇంటికి నెల తిరక్కుండా ఎవరో ఒకరు వస్తారు. గుడి కమిటీ కావచ్చు, చర్చి కమిటీ కావచ్చు, కాలనీ సంఘం కావచ్చు, గ్రంథాలయం కావచ్చు. అందరికీ కావలసింది కోశాధికారే. నా దగ్గరికి 2009లో మా చర్చి వాళ్ళు వచ్చారు. ముప్ఫయ్యేళ్ళు పద్దులు చూసినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. నిరుటి ఖర్చుకు పది శాతం కలిపి బడ్జెట్టు తయారుచేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నా తప్పు అక్కడే మొదలైంది. మన ఆఫీసులో ఖర్చు అంచనా ముందు వ్రాస్తాం, నిధులు పైనుంచి వస్తాయి. మార్చి 31 లోగా వాడకపోతే మురిగిపోతాయి కనుక మిగిలిన సొమ్మును చూస్తే మనకు భయం. చర్చిలో పైనుంచి వచ్చేది లేదు. జనం ఇష్టంగా ఇచ్చేదే ఆదాయం. దానికి జీ.వో. లేదు, తేదీ లేదు.

లెక్క వివరంగా మనవి చేస్తాను. మాకు ఏడాదికి వచ్చేది సుమారు 4,80,000 రూపాయలు. పాస్టరు గారి జీతం, డయాసిస్ వాటా, కాపలాదారు, కరెంటు బిల్లు, సండే స్కూలు అన్నీ కలిపి నెలకు 36,000, అంటే ఏడాదికి 4,32,000. 48,000 మిగులు కనిపిస్తుంది. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ ఆ 4,80,000లో 2,50,000 నాలుగు నెలల్లోనే వస్తుంది. కోత పండుగ, క్రిస్మస్, కొత్త సంవత్సరం, ఈస్టరు నెలలవి. మిగిలిన ఎనిమిది నెలల్లో వచ్చేది నెలకు 28,750 మాత్రమే. అంటే ఆ ఎనిమిది నెలలూ నెలకు 7,250 చొప్పున మొత్తం 58,000 తక్కువ పడుతుంది. పండుగ నెలల్లో ఖర్చులు పోను చేతిలో కనిపించే 1,06,000లో ఈ 58,000 అప్పటికే ఖర్చయిపోయిన సొమ్ము. ఖర్చు పెట్టవలసిన రోజు ఇంకా రాలేదంతే.

ఆ సంగతి నాకు తట్టలేదు. 1,06,000 కళ్ళబడగానే కమిటీకి ఉత్సాహం వచ్చింది. కొత్త మైకు సెట్టు, రంగులు, క్రిస్మస్ ప్రేమవిందు, వెరసి 85,000. సంతకం పెట్టింది నేనే. వేసవి దాటేసరికి పాసుబుక్కులో ఏమీ లేదు. ఒక్క పద్దు తప్ప.

ఆ పద్దు ఒక పెద్దావిడ ఇచ్చిన 40,000. భర్త పోయాక ఫామిలీ పెన్షను బకాయిలు వస్తే, సమాధుల తోటకు ప్రహరీ లేక గొడ్లు తిరుగుతున్నాయని, గోడ కోసమని రాయించి మరీ ఇచ్చారు. జూన్ నెల జీతానికి అందులోంచి 'తాత్కాలికంగా' తీశాం. ఆ మాట మన ఫైళ్ళలో ఎన్నిసార్లు వ్రాశామో మీకు తెలుసు. అక్టోబరు చివరికి తీసింది 37,000 అయింది. సమాధుల పండుగకు నాలుగు రోజుల ముందు ఆవిడ నన్ను ఆపి, "గోడ పని ఎప్పుడు మొదలుపెడతారు బాబూ?" అని అడిగారు. "వానలు తగ్గాక నమ్మా" అన్నాను. అప్పటికి పుస్తకంలో ఉన్నది 3,000.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారం ఆరాధన తరువాత ఆవిడ కూర్చుని ఉండగానే లెక్క మొత్తం చదివాను. నన్ను కొందరు తిట్టారు, అది న్యాయమే. ఒకాయన మాత్రం లేచి, "సొమ్ము ఎక్కడికీ పోలేదు, దేవుని పనికే వాడారు కదా" అన్నారు. ఈ మాటతోనే నాకు పేచీ. జీతమూ దేవుని పనే, గోడా దేవుని పనే. కానీ ఆవిడ ఇచ్చింది గోడకు. మార్చాలంటే ఆవిడను అడగాలి. ఆఫీసులో ఒక పద్దు సొమ్ము మరో పద్దుకు మార్చడానికి ఎంత తతంగం! చర్చిలో నేను ఒక్క సంతకంతో మార్చేశాను.

తరువాత మేము చేసిన మార్పులు పెద్దవేమీ కావు. ఉద్దేశం చెప్పి ఇచ్చిన కానుకలకు వేరే పాసుబుక్కు తెరిచాం. బడ్జెట్టు ఏడాది లెక్కన కాక నెలవారీగా వేశాం. ఆదాయం అంచనాకు గత మూడేళ్ళలో అతి తక్కువ వచ్చిన ఏడాదిని ఆధారం చేసుకున్నాం. చందా ఇస్తామన్న మాటలను జమలో చూపలేదు, చేతికి వచ్చాకే చూపాం. ఈ కడపటి నియమానికి పాస్టరు గారు నొచ్చుకున్నారు, విశ్వాసం తక్కువన్నారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోవాలన్న సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలోనే ఉందని మనవి చేశాను.

మిగులు ఉంచుకోకూడదని మరికొందరి భయం. పన్ను మినహాయింపు పొందిన సంస్థ ఆదాయంలో 85 శాతం తన ఆశయాలకు వినియోగించాలన్నది నిజమే. అంటే 15 శాతం దాకా అట్టిపెట్టుకోవచ్చు. మా 48,000 పది శాతమే. విదేశీ విరాళాల సంగతి వేరు. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటరాదు, వేరొక సంస్థకు బదిలీ చేయరాదు. దాన్ని నమ్ముకుని నెలజీతాలు పెట్టుకున్నవారు జాగ్రత్తపడాలి.

మన సంఘ కోశాధికారి గారు నా వైపు చూస్తున్నారు. వారి పద్దుల్లో నేను తప్పు పట్టడం లేదు సుమా! అంత్యక్రియల సహాయ నిధికి వేరే పాసుబుక్కు ఉందా అని మాత్రం అడుగుతున్నాను.

ఆ 37,000 పూడ్చడానికి మాకు రెండు కోత పండుగలు పట్టాయి. ఈలోగా ఇటుక, సిమెంటు ధరలు పెరిగాయి. 40,000కు నాలుగు వైపులా రావలసిన గోడ మూడు వైపులే వచ్చింది. నాలుగో వైపు ముళ్ళకంచె వేశాం. ఆవిడ వచ్చి చూసి, "బాగుంది బాబూ" అని, కంచె దగ్గర కొంచెంసేపు నిలబడి వెళ్ళారు.