ఊపిరితిత్తులలో నీరు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వయసు మళ్ళినవారికి రాత్రివేళ ఆయాసము వచ్చినచో ఉబ్బసమని సరిపెట్టుకొనుట కలదు. ఆయాసములన్నియు ఉబ్బసములు కావు. కొన్నింటికి మూలము ఊపిరితిత్తులలో చేరిన నీరు. ఈ భేదమును ఇంటివారు సకాలమున గుర్తించినచో ప్రాణము నిలుచునని మనవి చేయుటకే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఊపిరితిత్తులలో గాలి నిండెడు సన్నని గూళ్ళు కోట్లకొలది కలవు. గుండె ఎడమభాగము బలహీనమైనపుడు నెత్తురు ముందుకు సాగక వెనుకకు నిలుచును. ఆ ఒత్తిడికి నెత్తురులోని నీరు గాలిగూళ్ళలోనికి ఊరును. మురుగుకాలువ పూడినపుడు నీరు వరిచేలలోనికి ఎగదన్నుట డెల్టా రైతులెరిగినదే, ఇదియు నట్టిదే. అదుపులేని రక్తపుపోటు, గుండెపోటు, చిన్ననాటి కీళ్ళజ్వరముచే చెడిన గుండె కవాటములు, మూత్రపిండముల వ్యాధి దీనికి ముఖ్యకారణములు. తీవ్రమైన న్యుమోనియా, ఎర్రతేలు కాటు కూడ ఇట్టి ఆపద తేగలవు. ఊపిరితిత్తుల చుట్టునున్న పొరలమధ్య చేరు నీరు వేరు. మన దేశమున అది తరచు క్షయవలన కలుగును. దాని చికిత్సయు వేరు.

ఈ నీరు ఒక్క రాత్రిలో చేరినట్లు తోచినను, పలువురిలో కొన్ని దినములు ముందుగనే సూచన లిచ్చును. దానిని పట్టిచూపు సాధనము తూకపుయంత్రము. గుండెజబ్బు కలవారు ప్రతి ఉదయమున, మూత్రవిసర్జన చేసి, ఏమియు తినకముందు తూగి, ఆ అంకెను క్యాలెండరుపై వ్రాసికొనవలెను. మూడు దినములలో 2 కిలోలకు మించి పెరిగినచో అది కండ కాదు, నీరు. ఆ దినమే వైద్యునికి తెలుపవలెను. చీలమండలు వాచుట, తలక్రింద దిండ్లు పెంచవలసివచ్చుట, పడుకొనగానే దగ్గు వచ్చుట తక్కిన గుర్తులు.

ఉప్పు నీటిని పట్టియుంచును. ఆరోగ్యవంతులకే దినమునకు 5 గ్రాములలోపు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడము, ఎండుచేప ఒకే విస్తరిలో చేరినచో ఆ కొలత సులభముగ దాటును. రోగి విస్తరిలో వానిని వడ్డించుట ప్రేమ కాజాలదు.

ఆయాసము హఠాత్తుగా హెచ్చి, నురుగుతో కూడిన కఫము పడినచో రోగిని పడుకొనబెట్టరాదు. కాళ్ళు క్రిందికి వ్రేలాడునట్లు కూర్చుండబెట్టి, వెంటనే 108కు ఫోను చేయవలెను. తెల్లవారినపిదప బండిలో గుంటూరు పోవుదమని వేచియుండరాదు. ఆసుపత్రిలో ప్రాణవాయువు నిచ్చి, నీటిని మూత్రముగా వెడలించు ఫ్యూరోసిమైడు సూది వేయుదురు, రక్తపుపోటును అదుపుచేయుదురు, పిమ్మట ఎక్సురే, ఇ.సి.జి., ఎకో పరీక్షలతో మూలకారణమును వెదకుదురు.

నీరు తగ్గినంతమాత్రమున గుండె కుదుటపడినట్లు కాదు. ఆయాసము తగ్గినదని మాత్రలు తమంతట తాము మానినవారు మరల ఆసుపత్రి పాలగుట కలదు. కనుక మాత్రలు, తూకము, ఉప్పు — ఈ మూడింటి లెక్క రోగిపై మాత్రమే వదలక ఇంటిలో ఒకరు పూనికతో చూచుకొనవలెను.