జకాత్ లెక్క – కంప్యూటర్ చూపే మొత్తం



మీరిచ్చే ప్రతి రూపాయి మా చేతిలో అమానత్. జకాత్ ఎవరికి చెందాలో సూరె తౌబా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా చెప్పింది. ఫిత్రా పండుగ నమాజుకు ముందే పేదలకు చేరాలి. సదఖాకు ఇన్ని కట్టుబాట్లు లేవు. కాబట్టి ఏ పద్దులో ఎంత ఉందో విడివిడిగా తెలియాలి.

రసీదులన్నిటినీ మేము ఎక్సెల్‌లో ఒకే పట్టికగా రాస్తాం. జకాత్ ఎంతో చూడాలంటే పద్దు మీద ఫిల్టర్ పెడతాం. జకాత్ వరుసలే కనిపిస్తాయి. కానీ అడుగున ఉన్న మొత్తం ‘సమ్’ సూత్రంతో వేసిందైతే, కనిపించని వరుసలు కూడా అందులో కలిసే ఉంటాయి. జకాత్ 40,000, సదఖా 25,000, ఫిత్రా 10,000 అనుకుందాం. జకాత్ మాత్రమే కనిపిస్తున్నా మొత్తం 75,000 అనే చూపిస్తుంది. దాన్ని నమ్మితే, 35,000 పరాయి పద్దు సొమ్ము జకాత్ పేరున ఖర్చయిపోతుంది.

దీనికి మందు ‘సబ్‌టోటల్’ సూత్రం. అందులో మొదటి అంకె 9 ఇస్తే ఫిల్టర్ తీసేసిన వరుసలను వదిలేస్తుంది. 109 ఇస్తే మనం చేత్తో దాచిన వరుసలను కూడా వదిలేస్తుంది.

అప్పటికీ లెక్క కుదరకపోతే మూడు చోట్ల వెతకాలి. ఒకటి, అక్షరాలుగా నమోదైన అంకెలు: కంటికి అంకెలే గానీ కూడికలోకి రావు, మొత్తం తగ్గుతుంది. రెండు, పద్దు పేరు: ఒకచోట జకాత్, మరోచోట జకాతు అని రాస్తే ఫిల్టర్‌కు అవి రెండు వేర్వేరు పద్దులు. మూడు, పట్టిక మధ్య ఖాళీ వరుస: ఫిల్టర్ అక్కడే ఆగిపోవచ్చు, కింది రసీదులు వడపోతలోకి రావు.

చివరి పరీక్షకు కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఒక్కో పద్దుకూ వచ్చిన మొత్తాలను కలిపితే ఫిల్టర్ తీసేశాక వచ్చే పూర్తి మొత్తం రావాలి. అది రసీదు పుస్తకాల మొత్తంతో సరిపోవాలి. ఈ రెండూ కలిసేదాకా పంపిణీ జాబితా మీద సంతకం పెట్టకూడదన్నది మా నియమం.

దాతలకు మా మనవి రెండు మాటలు. సొమ్ము ఇచ్చేటప్పుడు అది జకాతా, సదఖాా, ఫిత్రాా చెప్పి రసీదు మీద రాయించుకోండి. ఏడాది చివర పద్దులవారీ లెక్క అడగండి. అడగడం మీ హక్కు, చూపడం మా బాధ్యత.

అల్లాహ్ మనందరి దానాలను స్వీకరించుగాక. ఆమీన్.